నొప్పికి ఉన్న చిన్న పేర్లు

సిస్టరమ్మను అడగండి
జవాబులు: ముప్పై ఒక్క ఏళ్ళు సర్జికల్, బర్న్స్ వార్డుల్లో పనిచేసి రిటైరైన స్టాఫ్ నర్సు

ప్రశ్న: సిస్టరమ్మ గారికి నమస్కారం. నా వయసు 61. ఐదు వారాల కిందట కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. కుట్లు మానాయి. వాకర్ పట్టుకుని ఇంట్లో తిరుగుతున్నాను. ఇబ్బందల్లా కాలు వంచడంతోనే. రోజూ పదిన్నరకి ఫిజియోథెరపీ అబ్బాయి వస్తాడు. గేటు దగ్గర అతని బండి చప్పుడు వినగానే ఒళ్ళంతా చెమటలు పడతాయి. కాలు ముట్టుకోకముందే నొప్పి మొదలవుతుంది. మోకాలు 70 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి 'మైండ్‌ఫుల్‌నెస్ చెయ్యమ్మా, నొప్పి తగ్గుతుంది' అని ఒక వీడియో పంపాడు. ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చున్నాను. తగ్గకపోగా నొప్పే గుర్తొచ్చి ఇంకా ఎక్కువైంది. ఇది నాలాంటి వాళ్ళకి పనిచేస్తుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, బండి చప్పుడుకే చెమటలు పట్టడమంటే ఏమిటో నాకు తెలుసు. నా 52వ ఏట ఎడమ భుజం పట్టేసింది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. జడ వేసుకోలేను, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేను. గోడ మీద వేళ్ళు పాకిస్తూ చెయ్యి పైకి తీసుకెళ్ళే వ్యాయామం ఇచ్చారు. ఎంతవరకు వెళ్ళిందో తెలియాలని గోడకి పెన్సిలుతో గీతలు పెట్టుకునేదాన్ని. మూడో గీత ఇంకా రాకముందే పళ్ళు బిగపట్టేదాన్ని, ఊపిరి ఆపేదాన్ని, మెడ బిగించేదాన్ని. సాయంత్రానికి భుజం నొప్పి ఏదో, నేను బిగించుకుని తెచ్చుకున్న మెడ నొప్పి ఏదో తెలిసేది కాదు.

మీకు చెప్పాల్సింది చాలా ఉంది కానీ ముందు డాక్టరు సంగతి. ఐదు వారాలకి 70 డిగ్రీలంటే కొంచెం వెనకబడ్డట్టే. కుర్చీలో సుఖంగా కూర్చోవాలన్నా 90 కావాలి. ఆలస్యమయ్యేకొద్దీ కీలు లోపల గట్టిపడుతుంది. కాబట్టి ఈ వారమే మీ సర్జన్‌కి ఫోన్ చేసి ఈ అంకె చెప్పండి. పిక్క వాచి నొప్పి పుట్టినా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చెమ్మ కనిపించినా, ఆయాసం వచ్చినా ఏ ధ్యానమూ వద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. డాక్టరు రాసిన నొప్పి మాత్ర ఫిజియోకి ఎంత ముందు వేసుకోవాలో కూడా అడగండి. పదిన్నరకి కాలు వంచాల్సి ఉంటే మాత్ర పదకొండింటికి వేసుకుని లాభం లేదు కదా.

ఇప్పుడు మీ అబ్బాయి చెప్పిన సంగతి. ఈ పద్ధతి నాకు మా వార్డుకి వచ్చే మత్తు డాక్టరమ్మ నేర్పింది. ఒక మధ్యాహ్నం మా నర్సులం ఐదుగురిని కూర్చోబెట్టి చేయించింది. అప్పుడు నేను నమ్మలేదు. ఇన్ని మంచాలు చూసుకునే నర్సుకి రోగి పక్కన కూర్చుని ఊపిరి గురించి చెప్పే తీరిక ఎక్కడిది అనుకున్నాను. నెల తిరక్కుండానే పెళ్ళి వంటలు చేసే మనిషొకాయన వార్డులో చేరాడు. సాంబారు గుండిగ ఒరిగి తొడ నుంచి మోకాలి కింది దాకా కాలిపోయింది. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు ఇంజెక్షన్ ఇచ్చినా సరే, సెలైన్‌తో తడిపి గాజ్ ఊడదీస్తుంటే మంచం కడ్డీ పట్టుకుని వార్డంతా వినపడేలా అరిచేవాడు. మూడో రోజు నాకు ఆ డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. 'నొప్పి, నొప్పి అంటున్నావు. ఎలాంటి నొప్పి? మంటా, పోటా, సలుపా?' అని అడిగాను.

ఆయన అరుపు ఆపి ఆలోచించాడు. 'పైన మంటమ్మా. లోపల లాగుతోంది. అంచుల్లో జివ్వుమంటోంది.' ఎక్కడ ఎక్కువుందని అడిగాను. 'మోకాలి పక్కన. తొడ మీద అంత లేదు.' కాసేపాగి మళ్ళీ అడిగాను. 'ఇప్పుడు మంట తగ్గింది, లాగుడే ఎక్కువుంది.' అలా మాట్లాడుతుండగానే గాజ్ మొత్తం వచ్చేసింది. కట్టు కట్టాక ఆయన అన్న మాట నేను ఇప్పటిదాకా మర్చిపోలేదు: 'పొయ్యి సెగ తగులుతూనే ఉందమ్మా. కానీ నిన్నటిలాగా పొయ్యిలో పడ్డట్టు లేదు.'

మన భాషలో నొప్పికి ఎన్ని చిన్న పేర్లున్నాయో చూడండి. పుండు సలుపుతుంది. పన్ను పోటు పెడుతుంది. నడుము కలుక్కుమంటుంది. కాళ్ళు పీకుతాయి, కండ గుంజుతుంది, అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి, తల దిమ్ముగా ఉంటుంది. పెద్ద 'నొప్పి' అనే మాటతో ఉన్నంతసేపూ అది కొండలా మీద కూర్చుంటుంది. దాన్ని చిన్న పేర్లతో పిలవడం మొదలుపెడితే ఎక్కడుందో, ఎంతుందో, ఎలా మారుతోందో కనిపిస్తుంది. వీడియోల్లో మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నది దాదాపు ఇదే. ఇప్పుడు ఒంట్లో ఏముందో దాన్ని ఉన్నదున్నట్టు గమనించడం, మంచిదా చెడ్డదా అని దానికి తీర్పు చెప్పకపోవడం. మీరు కూర్చున్న ఆ ఇరవై నిమిషాలూ బహుశా 'తగ్గిందా, ఇంకా తగ్గలేదే' అని చూస్తూ ఉన్నారు. అలా చూస్తే ఎవరికైనా ఎక్కువే అవుతుంది. పైగా మొదటిసారే ఇరవై నిమిషాలు చాలా ఎక్కువ.

మీకు నాలుగు నిమిషాలు చాలు. కానీ బండి చప్పుడు విన్నాక మొదలుపెట్టకండి. పదింబావుకే కుర్చీలో కూర్చోండి, కుడికాలు ఎలా సుఖంగా ఉంటే అలా చాపుకోండి. కళ్ళు మూయక్కర్లేదు, వాకిట్లో తులసికోటో, కిటికీలో వెలుగో చూస్తూ ఉండండి. మొదట బాగున్న కాలి దగ్గరికి వెళ్ళండి. ఎడమ మడమ నేలకి ఎక్కడ ఆనుతోంది, గచ్చు ఎంత చల్లగా ఉంది. ఊపిరి మామూలుగా పీల్చి, వదిలేటప్పుడు మాత్రం వేడి కాఫీ మీద ఊదినట్టు నెమ్మదిగా వదలండి. ఏడెనిమిది సార్లు ఇలా అయ్యాక కుడి మోకాలి దగ్గరికి రండి. నొప్పి చుట్టూ వేలితో గీత గీయాలంటే ఎక్కడ గీస్తారు? నాతో 'కాలంతా నొప్పే సిస్టర్' అన్నవాళ్ళని ఇలా గీయమంటే చాలామంది నిమ్మకాయంత చోటు చూపించేవారు. అది సలుపా, బిగుతా, వేడా? పేరు పెట్టండి. మారితే కొత్త పేరు పెట్టండి. మనసు 'ఈ అబ్బాయి ఇంకా రాలేదేం' అని పరిగెత్తుతుంది. పరిగెత్తనివ్వండి, తెలిసిన వెంటనే మళ్ళీ మడమ దగ్గరికి రండి. చివర్లో దవడ, భుజాలు, పిడికిళ్ళు చూసుకోండి. మోకాలి కోసం అవన్నీ బిగుసుకుని ఉంటాయి, వాటిని వదిలేయండి.

అతను కాలు వంచేటప్పుడు ఒక ఒప్పందం పెట్టుకోండి. మీరు ఊపిరి వదులుతున్నప్పుడే వంచాలి, మీరు చెయ్యి ఎత్తితే అక్కడే ఆపాలి. వంచుతున్నంతసేపూ పైకే అనండి, 'లాగుతోంది... లాగుతోంది... పట్టేసింది... కొంచెం వదిలింది'. ఎవరైనా వింటారని మొహమాటపడకండి. భయం సగం ఎప్పుడు ఆపుతాడో తెలియకపోవడం వల్లే వస్తుంది.

ఇది నా ఒక్కదాని అనుభవమే కాదు. 1979లో అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ అనే ఆయన ఎనిమిది వారాల తరగతులుగా ఇది మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి నొప్పితో ఉండి, మందులతో అంతకంటే తగ్గదనిపించుకున్న వాళ్ళని డాక్టర్లు ఆయన దగ్గరికి పంపేవారు. ఎనిమిది వారాల తరగతులు ఆస్పత్రి మంచం మీద ఉన్నవాళ్ళకి కుదరవు కదా. 2017లో అదే దేశంలో యూటా యూనివర్సిటీ వాళ్ళు ఆస్పత్రిలో ఉన్న 244 మంది మీద చిన్న పద్ధతి పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. ఒక్కసారి, పదిహేను నిమిషాలు. చేయించింది డాక్టర్లు కూడా కాదు, ఆ ఆస్పత్రి సోషల్ వర్కర్లు. ఇలా గమనించడం నేర్చుకున్నవాళ్ళకి నొప్పి సగటున 23 శాతం తగ్గింది. హిప్నాసిస్ తరహా సూచనలు విన్నవాళ్ళకి 29 శాతం, నొప్పి గురించి మంచి మాటలు, సమాచారం మాత్రం చెప్పినవాళ్ళకి 9 శాతం తగ్గింది.

23 శాతం అంటే పదికి ఏడున్న నొప్పి ఐదున్నర దగ్గరికి రావడం. చిన్నదిగా అనిపిస్తుంది. కానీ ఏడు దగ్గర ఎవరూ కాలు వంచనివ్వరు, ఐదున్నర దగ్గర పళ్ళు బిగించకుండా ఇంకో నాలుగు డిగ్రీలు వంచనిస్తారు. మీకు కావాల్సింది ఆ నాలుగు డిగ్రీలే. మాత్రలు మాత్రం మీ అంతట మీరు తగ్గించకండి, ఇది వాటికి తోడు.

ప్రశ్న: మేము చర్చికి వెళ్ళేవాళ్ళం. మైండ్‌ఫుల్‌నెస్ బౌద్ధుల ధ్యానం అని మా పెద్దలు అంటున్నారు. నడుము నొప్పికి నేను చేసుకోవచ్చా?
– గుంటూరు

జవాబు: మీ పెద్దలు చెప్పింది నిజమే, మూలం అక్కడే ఉంది. మన అమరావతి, నాగార్జునకొండల్లో భిక్షువులు ఇలా ఊపిరిని గమనిస్తూ కూర్చున్న కాలం ఒకటుంది. బౌద్ధుల సల్లత్థ సుత్తం అనే బోధలో రెండు బాణాల పోలిక వస్తుంది. ఒంటికి తగిలిన బాణం మొదటిది, దాని గురించి కుమిలిపోవడం రెండోది. అయితే ఆస్పత్రుల్లో నేర్పేదాంట్లో మంత్రం, విగ్రహం, పూజ ఏవీ ఉండవు. మీ ఊపిరిని, మీ నడుముని మీరు గమనించుకోవడమే. మా వార్డులో ఒక ముస్లిం పెద్దామె తస్బీ పూసలు తిప్పుతూ చేసేది, ఒక పాస్టరు గారి భార్య ఊపిరి వదిలినప్పుడల్లా 'ప్రభువా' అనుకునేది. ఇద్దరికీ కుదిరింది. మీ మనసుకి ఇబ్బందిగా ఉంటే మీ ప్రార్థన మాటలతోనే చేసుకోండి. నడుము నొప్పితో పాటు కాళ్ళలో బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా మాత్రం ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. నాన్నకి 58 ఏళ్ళు, జీడితోట పనే చేశారు. ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు డయాలసిస్. చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపే ఆపరేషన్) చేశారు. రెండు సూదులు గుచ్చేటప్పుడు చెయ్యి బిగించేస్తున్నారు, ఒక్కోసారి మళ్ళీ గుచ్చాల్సి వస్తోంది. ముందురోజు రాత్రి నిద్రే ఉండదు. ధ్యానం చెయ్యమంటే 'చదువు రాని నాకెందుకురా' అంటున్నారు. ఏం చెయ్యాలి?
– ఒక కొడుకు

జవాబు: బాబూ, ఉద్దానం అని చూడగానే మనసు బరువెక్కింది. ఇంతమంది కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. మీ నాన్నగారి లాంటి వాళ్ళు వారానికి ఆరు సూదులు, ఏడాదికి మూడొందల పైచిలుకు సూదులు ఓర్చుకుంటున్నారు. ఆయన చెయ్యి బిగించడంలో తప్పేమీ లేదు.

మొదట సెంటర్‌లో అడగండి, సూది గుచ్చే చోట తిమ్మిరెక్కించే క్రీమ్ రాయవచ్చా అని. అది పనిచేయాలంటే దాదాపు గంట ముందే రాయాలి కాబట్టి ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే రాసుకోవాల్సి ఉంటుంది. చేతులు కడుక్కునే పద్ధతి, క్రీమ్ తుడిచే పద్ధతి టెక్నీషియనే చూపిస్తాడు. ఆయనకి ఇంకో మాట కూడా చెప్పండి, గుచ్చే ముందు 'గుచ్చుతున్నానండీ' అని చెప్పమనండి.

ధ్యానం అనే మాటే వాడకండి. నాన్నగారి రెండో చేతిలో ఒక చింతపిక్క పెట్టండి. (జీడిపిక్క వద్దు, దాని జీడి అంటితే చర్మం కాలుతుందని ఆయనకి మనం చెప్పక్కర్లేదు.) బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దాన్ని నెమ్మదిగా తిప్పాలి. నున్నగా ఎక్కడుంది, అంచు ఎక్కడ తగులుతోంది, ఎంతసేపటికి వెచ్చబడింది. టెక్నీషియన్ చెప్పగానే నోటితో 'ఫూ' అని పొడుగ్గా ఊదాలి, ఆ ఊదడంలోనే సూది పడాలి. ఊపిరి బిగపడితే కండ బిగుస్తుంది, వదులుతుంటే బిగించడం కష్టం. గుచ్చాక 'ఎలా ఉంది నాన్నా, చురుక్కుమందా, మంటా' అని పక్కనే ఉండి అడుగు. జవాబు వెతుక్కునేలోపు రెండోది కూడా అయిపోతుంది. ఇదంతా సెంటర్‌లో మొదటిసారి చేస్తే కుదరదు. డయాలసిస్ లేని రోజుల్లో రోజూ రెండు నిమిషాలు చింతపిక్కతో, ఊదడంతో అలవాటు చేయించాలి.

రాత్రి నిద్ర కోసం ఆయనకి తెలిసిన పనినే అడుగు. తోటలో చెట్టు చెట్టూ చూసుకుంటూ పోతారు కదా, పూత ఎలా ఉంది, పురుగు పట్టిందా అని. చూస్తారు, పక్క చెట్టుకి వెళ్తారు. అలాగే పడుకుని కుడికాలి బొటనవేలు, మడమ, పిక్క, మోకాలు ఒక్కొక్కటీ చూసుకుంటూ రమ్మను. వెచ్చగా ఉందా, బరువుగా ఉందా, ఏమీ తెలియడం లేదా. ఏమీ తెలియకపోయినా పరవాలేదు, తర్వాతి చెట్టు. నడుము దాకా రాకముందే చాలామంది నిద్రపోతారు.

ఫిస్టులా మీద వేలు పెడితే జుమ్మని కదలిక తెలుస్తుండాలి. రోజూ పొద్దున్న చూడండి. అది ఆగినా, చెయ్యి ఎర్రబడి వాచినా, చీము కనిపించినా ఆ రోజే సెంటర్‌కి తీసుకెళ్ళండి.

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. నెలసరిలో నొప్పికి ఆఫీసులో కూర్చోలేను. ఎండోమెట్రియోసిస్ ఉందని గత ఏడాది స్కాన్‌లో తేలింది. ఊపిరి గమనించే వ్యాయామం నేర్చుకున్నాక కొంత తేలికైంది. ఆ సంగతి ఇంట్లో చెప్తే మా అత్తగారు 'ఊపిరి పీలిస్తే పోయే నొప్పికి ఇంత గోలా, అంతా నీ మనసులోనే ఉంది' అన్నారు. అప్పటినుంచి చేయబుద్ధి కావడం లేదు. నిజంగానే నేను ఊహించుకుంటున్నానా?
– హైదరాబాద్

జవాబు: లేదు తల్లీ. నీ నొప్పి నిజం. ఈ జబ్బులో గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం దాని బయట పెరిగి అక్కడ వాపు, అతుకులు తెస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పిల్లలు కనే వయసు ఆడవాళ్ళలో దాదాపు పది శాతం మందికి ఈ జబ్బుంది. వాళ్ళలో ఎంతోమంది పేరు తెలియకుండానే ఏళ్ళు గడిపేస్తారు, చుట్టూ ఉన్నవాళ్ళు 'ఆడపుట్టుక అన్నాక తప్పదు' అంటుంటారు కాబట్టి. ముప్పై ఒక్క ఏళ్ళలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించిన మాట 'అంతా నీ మనసులోనే ఉంది' అనేది. ఆ మాట విన్న ఆడపిల్లలు తర్వాతిసారి నొప్పొచ్చినప్పుడు చెప్పడం మానేసేవారు.

మీ అత్తగారికి ఒక సంగతి చెప్పు. 2011లో అమెరికాలో ఫెడెల్ జైదాన్ అనే పరిశోధకుడి బృందం పదిహేను మంది ఆరోగ్యవంతుల పిక్కకి 49 డిగ్రీల వేడి తగిలించి చూసింది. వాళ్ళకి నాలుగు రోజులు, రోజుకి ఇరవై నిమిషాలు ఊపిరి గమనించడం నేర్పి మళ్ళీ అదే వేడి పెట్టారు. నొప్పి తీవ్రత 40 శాతం, దానివల్ల కలిగే బాధ 57 శాతం తగ్గాయని వాళ్ళు చెప్పారు. వేడి ఒక్క డిగ్రీ కూడా తగ్గించలేదు. మరి ఆ వేడి ఊహా? పసిపిల్లాడి నుదురు గడపకి కొట్టుకుంటే మనం అక్కడ రుద్ది 'ఉఫ్' అని ఊదుతాం, వాడు ఏడుపు ఆపుతాడు. బొప్పి అలాగే ఉంటుంది. దెబ్బ కబురు వెన్నుపాము దగ్గర ఒక వాకిలి లాంటి చోటు దాటి మెదడుకి వెళ్తుందనీ, రుద్దిన స్పర్శా, మెదడు నుంచి దిగే కబురూ ఆ వాకిలిని కొంత మూయగలవనీ మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లోనే రాశారు. తర్వాత అందులో మార్పులు చాలా వచ్చాయి, అసలు సంగతి మాత్రం నిలిచింది.

కాబట్టి వ్యాయామం మానకు. పొత్తికడుపు మీద ధ్యాస పెడితే గాభరాగా ఉంటే అక్కడ పెట్టొద్దు, అరికాళ్ళ దగ్గరే ఉండు, కళ్ళు తెరిచే ఉంచు. ఇంకో పని చెయ్యి. ఈ నెల నుంచి ఒక కాగితం మీద రోజూ ఒక్క వరస రాయి. తేదీ, నొప్పికి పదికి ఎన్ని, దాని చిన్న పేరు (గుంజుడా, పోటా, నడుములోకి పాకుతోందా), ఏ మాత్ర వేసుకున్నావు, నాలుగు నిమిషాలు కూర్చున్నాక ఎన్ని, ఆ రోజు ఆఫీసుకి వెళ్ళగలిగావా. రెండు నెలల కాగితం గైనకాలజిస్టు ముందు పెడితే మాటలతో చెప్పలేని సంగతులు ఆమెకి అందులో కనిపిస్తాయి. హార్మోన్ మాత్రలు మార్చాలా, లాపరోస్కోపీ (చిన్న రంధ్రం గుండా కెమెరాతో చేసే ఆపరేషన్) అవసరమా అన్నది ఆమె తేలుస్తుంది. వెళ్ళేటప్పుడు కుదిరితే మీ ఆయన్ని కూడా తీసుకెళ్ళు, ఆ కాగితం అతన్నే చదివి వినిపించమను.